గుంటూరు టికెట్

విజయవాడ

నాయనా,

నీ కథ అందింది. గుంటూరు వెళ్లాల్సిన కుర్రాడు ‘గు’ దగ్గర మాట పెగలక, వెనక జనం తోస్తుంటే మంగళగిరికి టికెట్ తీసుకుని అక్కడే దిగిపోయాడు చూడూ, ఆ పేజీ బాగుంది. నాకూ నత్తే కాబట్టి చెబుతున్నా, అది కూర్చుని కల్పిస్తే వచ్చేది కాదు.

ఆ తర్వాతే చెడగొట్టావు. పెళ్లిలో మైకు చేతికివ్వగానే గడగడా మాట్లాడేశాడట! నత్తి ఎటు పోయింది? పాట పాడేటప్పుడు, నలుగురితో గొంతు కలిపి చదివేటప్పుడు చాలామందికి నత్తి రాదు, నిజమే. అంతమంది ముందు ఒక్కడే నిలబడితే మాత్రం మామూలుగా ఇంకా బిగుసుకుంటుంది. ఈ ముగింపులు మాకు పత్రికలవాళ్లు అంటించిన జబ్బు. కథలో నత్తివాడుంటే నవ్వించాలి, లేదంటే చివర్లో నయమైపోవాలి. ఒక ఎడిటరైతే నా కథలో ‘న... న... నేను’ అని చుక్కలు తగిలించి, కామెడీ పండుతుందన్నాడు. కథ వెనక్కి తెచ్చేసుకున్నాను. ఆ పత్రిక మూతపడింది గానీ ఆ చుక్కలు ఇంకా బతికే ఉన్నాయి.

జోసెఫ్ షీహన్ అని ఒక అమెరికన్ సైకాలజిస్టు, ఆయనకూ నత్తే. దీన్ని సముద్రంలో మంచుకొండ అన్నాడు. బయటికి వినబడేది కాస్తే. సిగ్గు, భయం, ఒక మాటకి బదులు ఇంకో మాట వెతుక్కోవడం, ఇదంతా నీళ్ల కింద. నీ కుర్రాణ్ణి మంగళగిరిలో దింపింది అదే. నేనూ బీసెంట్ రోడ్డులో ‘టీ’ అనలేక ఏళ్ల తరబడి కాఫీ తాగాను. నాకు కాఫీ పడదు.

కాబట్టి వాడి చేత ఒక్క మాట అనిపించు: “నాకు నత్తండీ, కొంచెం ఆగండి.” ఆ మాట కూడా నత్తితోనే రానీ. సభలో మైకు పట్టుకోగానే నేను ముందు చెప్పేది అదే. చెప్పేశాక ఇక దాచాలన్న టెన్షన్ ఉండదు. మధ్యలో ఆగితే ఆగుతాను. ముందు వరసలో ఎవరైనా మాట అందించబోతే చెయ్యి అడ్డం పెడతాను.

ఏ పత్రికకి పంపాలి, ఎన్ని పేజీలుండాలి అనేవి తర్వాత చూద్దాం. కలం పేరు మాత్రం నాకు అనుమానంగా ఉంది. సొంత పేరుకి బదులు మాట ఉండదు, అందుకే మనలో చాలామందికి అక్కడే గట్టిగా పట్టేస్తుంది. నువ్వు పేరు మార్చింది అందుకేనా? అచ్చులో దాన్ని పలకాల్సిన పని కూడా లేదు కదయ్యా, అసలు పేరే వెయ్యి. పెళ్లి సీను తీసేసి మళ్లీ పంపు. ఈసారి టైపు చేయించు, నీ దస్తూరీ నా కళ్లజోడుకి అందడం లేదు.