జింక పెంటికల్లో నట్టలు వెతికేటప్పుడు

చిరంజీవి అమ్మాయికి ఆశీస్సులు.

నీ ఉత్తరం అందింది. కొద్ది సంఖ్యలో మిగిలిన అడవి జింకల మందలో పరాన్నజీవులను గుర్తించే పని నీకు అప్పగించారని చదివి చాలా సంతోషించాను. మైక్రోస్కోప్ ముందు కూర్చోగానే టెన్షన్ వస్తోందన్నావు. రావాలమ్మా. పశువుల దగ్గర పేరు తప్పు చెప్తే మళ్లీ వెళ్లి సరిదిద్దుకోవచ్చు. ఇలాంటి మందలో తప్పు పేరు పడితే తప్పు మందో, తప్పు నిర్లక్ష్యమో వెంటనే వస్తుంది, దానికి మూల్యం చెల్లించేది జింకలు.

మొట్టమొదట, పరీక్ష కోసమని జింకను పట్టుకోవద్దు. తరిమి పట్టిన జింక కండరాలు దెబ్బతిని కొన్ని గంటలకో, రోజుల తర్వాతో చచ్చిపోవడం నేను చూశాను. నీకు కావలసినవి పెంటికలు. దూరంగా కూర్చుని బైనాక్యులర్‌తో చూడు. జింక పెంటికలు వేసి, తనంతట తాను కదిలి వెళ్లాక నువ్వు వెళ్లు. తడిగా మెరుస్తున్నవి, కుప్పలో పైన ఉన్నవి మాత్రమే ఏరు. నేలకు తగిలిన వాటిలో మట్టిలో బతికే పురుగులు ఎక్కి ఉంటాయి, అవి నిన్ను తికమక పెడతాయి. ఒక్కో కుప్పకు ఒక్కో సంచి, గాలి లేకుండా నొక్కి కట్టు. తేదీ, గంట, చోటు, ఆడదా మగదా, పిల్లా పెద్దదా అన్నీ సంచి మీదే రాయి. చిన్న మందలో ఒకే జింక పెంటికలు మూడుసార్లు ఏరి మూడు జింకలని లెక్క వేయడం చాలా సులువుగా జరిగే పొరపాటు.

తెచ్చిన వెంటనే మూడు భాగాలు చెయ్యి. ఒకటి 4 డిగ్రీల చల్లదనంలో ఉంచు, గడ్డ కట్టించకు. గడ్డ కడితే గుడ్లు పాడవుతాయి, లార్వాలు చచ్చిపోతాయి. ఇంకొకటి 95 శాతం ఆల్కహాల్‌లో, డీఎన్ఏ కోసం. మూడోది 10 శాతం ఫార్మలిన్‌లో, తర్వాత ఎప్పుడైనా గుడ్ల ఆకారం చూసుకోవడానికి. ఫార్మలిన్‌లో పెట్టింది డీఎన్ఏకి పనికిరాదు. ఈ రెండు సీసాలూ తారుమారు కాకుండా ముందే రంగు చీటీలు అంటించుకో.

చల్లదనం గురించి ఇంతగా ఎందుకు చెప్తున్నానంటే, కొత్తలో నేను చేసిన తప్పు ఇప్పటికీ మర్చిపోలేదు. మండుటెండలో ఏరిన పెంటికల సంచిని బండిలోనే వదిలేశాను. మర్నాడు మధ్యాహ్నం పెంటికలు గుడ్డలో కట్టి, గోరువెచ్చని నీళ్ల గరాటాలో వేలాడదీసి, రాత్రంతా ఉంచి, పొద్దున్నే అడుగు నుంచి ఒక చుక్క తీసి చూశాను. నిండా లార్వాలే. ఊపిరితిత్తుల పురుగులని రాసేశాను. మా పెద్దాయన స్లైడ్ చూడకముందే “ఎప్పుడు ఏరావు?” అని అడిగారు. తర్వాత నన్ను కూర్చోబెట్టి చూపించారు. ఊపిరితిత్తుల పురుగు లార్వా అయితే పేగు నిండా నల్లటి గింజల్లాంటివి కిక్కిరిసి ఉంటాయి, కదలిక మందంగా ఉంటుంది. నా స్లైడ్ మీదవి చురుగ్గా మెలికలు తిరుగుతున్నాయి, గొంతు గొట్టం చివర ఉల్లిగడ్డలా ఉబ్బు ఉంది, తోక సన్నగా సాగి ఉంది. అవి మామూలు కడుపు నట్టల గుడ్లు ఎండకు సంచిలోనే పొదిగితే వచ్చిన పిల్లలు. ఆ రిపోర్ట్ వెళ్లిపోయి ఉంటే, లేని జబ్బుకు ఆ మందకు మందు పెట్టేవాళ్లు.

ఇక గుడ్లు. ఉప్పు ద్రావణంలోనో పంచదార ద్రావణంలోనో తేల్చి చూస్తే నీకు ఎక్కువగా కనిపించేది పలచని పెంకు, కోలగా, లోపల కణాల ముద్ద ఉన్న గుడ్డు. దాన్ని “స్ట్రాంగైల్ గుడ్డు” అని రాసి ఆపెయ్, అది ఒకేలాంటి గుడ్లు పెట్టే చాలా నట్టలకు ఉమ్మడి పేరు. అది హీమాంకస్ అనే కడుపు నట్టదా, ఆస్టర్‌టేజియా అనే ఇంకో కడుపు నట్టదా అన్నది గుడ్డు చూసి చెప్పలేం. ఎవరైనా చెప్పమని ఒత్తిడి చేసినా చెప్పకు. చూడగానే పేరు చెప్పదగినవి కొన్నే: రెండు చివర్లా బిరడాలతో నిమ్మకాయలా ఉండేది ట్రైక్యూరిస్, మిగతావాటికి దాదాపు రెట్టింపు పొడవుండి, లోపల కొద్ది పెద్ద కణాలే ఉండేది నెమటోడైరస్, పలకలుగా మూలలు తేలి ఉండేది మొనీజియా అనే బద్దె పురుగుది.

జలగ అంటే ఇక్కడ ఆకులా చదునుగా ఉండే లోపలి పురుగు. దాని గుడ్లు బరువు, ఉప్పు నీళ్లలో సరిగా తేలవు. వాటికి నీళ్లు మార్చి మార్చి అడుగు మడ్డి చూడాలి. బంగారు పసుపు రంగులో 130 నుంచి 150 మైక్రాన్ల (మిల్లీమీటరులో వెయ్యో వంతు ఒక మైక్రాన్) పొడవుంటే కార్జపు జలగ, ఇంచుమించు అంతే ఉండి రంగు లేకుండా తేటగా ఉంటే పొట్ట జలగ. ఉత్తర అమెరికా జింకలతో పాటు యూరప్‌కు చేరిన పెద్ద కార్జపు జలగ, ఫాషియొలాయిడిస్ మాగ్నా గుడ్లు కూడా మామూలు జలగ గుడ్లలాగే ఉంటాయి. పైగా మూస్ లాంటి కొన్ని జింకల్లో కార్జం గట్టి గోడ కట్టి దాన్ని మూసేస్తుంది, గుడ్లు బయటికే రావు. అలాంటప్పుడు పెంటికల్లో ఏమీ లేకపోయినా కార్జంలో ఉండొచ్చు.

స్ట్రాంగైల్ దాటి ముందుకు వెళ్లాలంటే పెంటికలను 25–27 డిగ్రీల దగ్గర వారం పది రోజులు తడి ఆరకుండా ఉంచి, మూడో దశ లార్వాను పెంచి తోక తొడుగు పొడవు కొలవాలి. లేదా డీఎన్ఏలో జాతిని బట్టి మారే ఐటీఎస్-2 అనే భాగం చదివించాలి. నా ఓటు డీఎన్ఏకే, ఎందుకంటే లార్వా పట్టికలు ఎక్కువగా గొర్రెలు, పశువుల పురుగుల కోసం తయారైనవి.

చచ్చిన జింక దొరికితే మాత్రం అంతకు మించిన అవకాశం లేదు. ముక్కు నుంచి, మలద్వారం నుంచి నల్లటి రక్తం కారుతుంటే కత్తి పెట్టకు, ఆంత్రాక్స్ అనుమానించి అధికారులకు చెప్పు. అలా లేకపోతే గ్లవ్స్ వేసుకుని, నాలుగో కడుపు రెండు చివర్లా కట్టి కోసుకో. లోపల ఎర్ర, తెల్ల దారాలు పేనినట్టుండే పురుగులు కంటికే కనిపిస్తాయి, అవి హీమాంకస్ ఆడపురుగులు. కానీ జింకలకు సొంతమైనవి అంతకంటే చిన్నవి, గోధుమ రంగు వెంట్రుకల్లా గోడకు అంటుకుని ఉంటాయి. మగపురుగును, ఒంటిని తేటపరిచే లాక్టోఫీనాల్ అనే ద్రవం చుక్కలో పెట్టి, కొంచెం ఆగి చూడు. తోక దగ్గర గొడుగులా విచ్చుకున్న పొర, దాని మధ్య రెండు గోధుమ రంగు సూదులు తేటగా కనిపిస్తాయి. ఆ సూదుల చివరలే పేరు చెప్తాయి. అయితే ఒకే జాతిలో మగవాటికి రెండు రకాల సూదులు ఉండొచ్చు, జింకల కడుపు పురుగు స్పిక్యులోప్టెరాజియాలో అలాగే. పాతకాలంలో వాటిని రెండు జాతులుగా రాశారు. ఇంకో మాట, జింకలకు పిత్తాశయం ఉండదు. అది కనిపించలేదని కంగారుపడకుండా కార్జంలోని పిత్త నాళాలు కోసి చూడు.

పేరు ఎంత పని చేస్తుందో తెలియాలంటే ఫ్లోరిడా దీవుల్లోని కీ డీర్ సంగతి గుర్తుంచుకో. చాలా అరుదైన చిన్న జింకలు అవి. 2016లో వాటి పుండ్లలో పురుగులు కనిపించాయి. మామూలు ఈగ పురుగులైతే చచ్చిన మాంసం తింటాయి. ఇవి బతికున్న మాంసాన్ని తినే స్క్రూవార్మ్ అని తేలింది. అలా తేల్చే గుర్తు ఏమిటంటే, ముదిరిన పురుగు వెనక భాగంలో ఊపిరి గొట్టాలు రెండు నల్లటి గీతల్లా చర్మం కింద నుంచి కనిపిస్తాయి. 130కి పైగా జింకలు పోయాయి. కానీ పేరు తెలిసింది కాబట్టే గొడ్డుపోయిన ఈగలను వదిలి 2017 మార్చికల్లా దాన్ని అక్కడ నుంచి తుడిచిపెట్టగలిగారు. నీకు ఎప్పుడైనా పుండులో పురుగు దొరికితే వేడినీళ్లలో ముంచి చంపి, తర్వాతే ఆల్కహాల్‌లో వెయ్యి. నేరుగా ఆల్కహాల్‌లో వేస్తే నల్లబడి గీతలు కనిపించవు.

పెంటికల్లో తోక దగ్గర వీపు వైపు చిన్న ముల్లు ఉండి, తోక వంకర తిరిగిన లార్వా కనబడితే అక్కడ ఆగు. అది మెదడు పొరల పురుగుది కావచ్చు. తెల్లతోక జింకలో ఆ పురుగు మెదడు పొరల్లో ఉండి పెద్దగా హాని చేయదు, అదే కారిబూ అనే ఇంకో రకం జింకకి పాకితే దాన్ని కుంగదీసి చంపుతుంది. నత్తల ద్వారా ఒకదాని నుంచి ఇంకొకదానికి వస్తుంది. దీని లార్వాకి, దగ్గరి బంధువుల లార్వాలకి కంటికి తేడా తెలియదు. “వీపు ముల్లు లార్వా, డీఎన్ఏకి పంపాను” అని రాయి, అంతే.

లెక్కల గురించి. 3 గ్రాముల పెంటికలు, 42 మిల్లీలీటర్ల ద్రావణం, గుడ్లు లెక్కపెట్టే మెక్‌మాస్టర్ స్లైడ్ రెండు గదులూ లెక్కపెట్టి, గ్రాముకు ఎన్నో తెలియడానికి 50తో హెచ్చవేస్తావు కదా. అందులో సున్నా వస్తే “50 లోపు” అని రాయి, “లేవు” అని రాయకు. గుడ్లు కనిపించాయని నట్టల మందుకు పరుగెత్తనివ్వకు కూడా. ప్రతి అడవి జింకలోనూ కొన్ని నట్టలు ఉంటాయి, వాటిలో కొన్ని ఆ జింకజాతి తప్ప వేరే చోట బతకవు. జింక చిక్కిందా, విరేచనాలున్నాయా, పిల్లలు పోతున్నాయా, పక్కనే పశువులో గొర్రెలో మేస్తున్నాయా అన్నవి కూడా పక్కన పెట్టుకుని మాట్లాడు.

వచ్చే వారం నుంచి చూసిన ప్రతి రకం గుడ్డుకూ కనీసం ఇరవై కొలిచి, కొలతగీతతో సహా ఫొటో తీసి నాకు పంపు. పేరు రాయకుండా పంపు. నేను చూసి నా పేరు రాస్తాను, తర్వాత నీది తెరిచి పోల్చుకుందాం.

ఆశీస్సులతో,
మీ పెద్దనాన్న