చపాటా మిర్చి బస్తాలోనే రంగు దిగిపోతోంది, ఏం చేయాలి?

సందేహం: రెండెకరాల్లో చపాటా వేశాను. మార్చిలో కల్లంలో ఆరబోసినప్పుడు కాయ నిగనిగలాడింది. రేటు లేదని బస్తాల్లో తొక్కి రేకుల షెడ్డులో పెట్టాను. జూన్‌లో ఎనుమాముల మార్కెట్‌కు తీసుకెళ్తే రంగు దిగిందని ధర తగ్గించారు. రంగు పోతే కారం కూడా పోయినట్టేనా? నూనె పట్టిస్తే మళ్లీ ఎర్రగా అవుతుందంటున్నారు, నిజమేనా?
– ఒక రైతు, నర్సంపేట

సలహా: నూనె జోలికి మాత్రం పోకండి అన్నా. కాయ మెరుస్తుందే గానీ పోయిన రంగు తిరిగి రాదు, పైగా కల్తీ సరుకని పేరు పడుతుంది.

కారం, రంగు రెండూ వేరు. కారానికి కారణం క్యాప్సైసిన్, దానికి అసలు రంగే లేదు. ఒక కాయను చీల్చి చూడండి, లోపల గింజలు అంటుకుని ఉండే తెల్లటి భాగం కనిపిస్తుంది, కారం తయారయ్యేది అక్కడే. ఎరుపేమో తొక్కలో ఉంటుంది. క్యాప్సాంథిన్, క్యాప్సోరుబిన్ అనేవి ఆ ఎరుపునిచ్చే ముఖ్యమైన వర్ణకాలు, క్యారెట్‌లోని బీటా కెరోటిన్‌కు దగ్గరి చుట్టాలు. కాబట్టి కాయ పాలిపోయినంత మాత్రాన కారం కూడా అంతే పోయిందనుకోవద్దు. కాకపోతే చపాటాకు కారం తక్కువ, రంగు ఎక్కువ, 2025లో జీఐ (భౌగోళిక సూచిక) గుర్తింపు కూడా వచ్చింది. మన కాయను కొనేవాడు డబ్బులిచ్చేది ఆ రంగుకే, అందుకే మీకు దెబ్బ గట్టిగా తగిలింది.

ఇక రంగు ఎందుకు పోయిందంటే, ఈ వర్ణకం 40 కార్బన్ పరమాణువులున్న నిర్మాణం, అందులో ఒకటి విడిచి ఒకటిగా జంట బంధాలు వరుసగా ఉంటాయి. వెలుతురులో నీలం, ఆకుపచ్చ భాగాలను అవి పీల్చుకుంటాయి కనుకే మన కంటికి ఎరుపు కనిపిస్తుంది. చిక్కేంటంటే గాలిలోని ఆక్సిజన్ కొరికేది కూడా సరిగ్గా ఆ బంధాలనే! అవి తెగుతున్న కొద్దీ కాయ వెలిసిపోతుంది. వేడి, వెలుతురు తోడైతే ఇంకా వేగంగా జరుగుతుంది, మరి ఏప్రిల్, మే నెలల్లో మన దగ్గర రేకుల షెడ్డు ఎలా కాగుతుందో మీకు చెప్పాలా?

ఇంకో మాట, మీరు రాయలేదు గానీ, తొక్కేటప్పుడు కాయ విరగొద్దని నీళ్లు చల్లారా? చాలామంది చల్లుతారు. దాంతో బూజు పట్టి, అఫ్లటాక్సిన్ అనే విషం చేరే ప్రమాదం ఉంది. తేమ 10–11 శాతం ఉంటే చాలు. మరీ పెళుసుగా ఎండబెట్టినా రంగు తొందరగానే దిగుతుంది. చపాటా గుండ్రంగా ఉంటుంది కనుక తొడిమ దగ్గర కండ ఆరిందో లేదో నొక్కి చూసుకోండి, పైకి ఎండినట్టు కనిపించి అక్కడ మెత్తగా ఉంటుంది.

వచ్చే సీజన్‌లో కూలీలు దొరికారు కదా అని దోరకాయ కోయించకండి. పండేటప్పుడు పత్రహరితం విరిగిపోతూ ఎరుపు తయారవుతుంది, కాయ ఎర్రబడగానే ఆ పని ఆగిపోదు, చెట్టు మీదే కాస్త వాడేదాకా సాగుతుంది. టార్పాలిన్ పట్టాల మీదే ఆరబోయండి, సాయంత్రం మంచు పడకుండా కప్పండి, తాలు కాయ (తెల్లబారిన నాసి కాయ) ముందే ఏరేయండి. రేటు కోసం ఆగాలనుకుంటే కోల్డ్ స్టోరేజీయే దారి, ఇంట్లో కాదు. కిరాయి అవుతుంది, నిజమే, కానీ చీకటి, చల్లదనం రెండూ అక్కడే దొరుకుతాయి.

రంగు కలిపి అమ్ముతామని ఎవరైనా వస్తే అసలే ఒప్పుకోవద్దు. మిర్చి రంగు నీళ్లలో కరగదు, నూనెలోనే కరుగుతుంది (కూర మీద తేలే ఎర్రటి నూనె అదే). గ్లాసు నీళ్ల మీద చిటికెడు కారం చల్లితే ఎర్రటి చారలు కిందికి దిగాయంటే రంగు కలిపినట్టే. సుడాన్ అనే కృత్రిమ రంగులు మాత్రం ఈ పరీక్షకు దొరకవు, అవీ నూనెలోనే కరిగేవి, ల్యాబ్‌కు పంపాల్సిందే.

ఇప్పుడున్న సరుకులో పాలిపోయినవి వేరు చేసి విడిగా అమ్మండి, కలిపి పెడితే మంచి కాయకు కూడా తక్కువ రేటే పలుకుతుంది. మిగిలిన బస్తాలను షెడ్డులోంచి ఇవాళే తీయించండి.