సైన్ వక్రం కింద వైశాల్యం సున్నా ఎందుకు వస్తోంది?

ప్రశ్న: సైన్ ఎక్స్‌ని 0 నుంచి 2π వరకు ఇంటిగ్రేట్ చేస్తే సున్నా వస్తోందండీ. గ్రాఫులో చూస్తే మీదొక గుట్ట, కిందొక గుంట కనబడుతూనే ఉన్నాయి. జవాబు 4 అని ఇచ్చారు. నా తప్పెక్కడ?
– ఇంటర్ సెకండియర్ విద్యార్థిని, బ్రాడీపేట, గుంటూరు

జవాబు: మీ ఇంటిగ్రేషన్ తప్పు కాదు. కానీ మీరు కట్టింది వైశాల్యం కాదు. ఎక్స్ అక్షానికి ఎగువన ఉన్న భాగాన్ని ఇంటిగ్రల్ ప్లస్‌గా, దిగువన ఉన్నదాన్ని మైనస్‌గా లెక్కేసుకుంటుంది. గుట్ట, గుంట సమానం కాబట్టి ఒకదాన్నొకటి కొట్టేసుకున్నాయి. వైశాల్యం కావాలంటే వక్రం అక్షాన్ని దాటే చోట, అంటే π దగ్గర, లెక్కను రెండు ముక్కలు చేయాలి.

మొదటి ముక్క 0 నుంచి π. సైన్ ఎక్స్ ఇంటిగ్రల్ −కాస్ ఎక్స్. ఎగువ లిమిట్ దగ్గర −(−1) = 1. దిగువ లిమిట్ దగ్గర −1. తేడా 1 − (−1) = 2. సరిగ్గా ఈ మెట్టు దగ్గరే చాలామంది 1 − 1 అని రాసి మళ్లీ సున్నా తెచ్చుకుంటారు. దిగువ లిమిట్ విలువను ఎప్పుడూ బ్రాకెట్టులో పెట్టి తీసేయండి. రెండో ముక్క −2 వస్తుంది, దాని పరిమాణం 2. మొత్తం 4 చదరపు యూనిట్లు.

ఈ 2 నిజమేనా అని అనుమానం వస్తే బొమ్మే చెబుతుంది. గుట్ట మొత్తం π పొడవు, 1 ఎత్తు ఉన్న దీర్ఘచతురస్రంలో ఇముడుతుంది, అది 3.14. రెండు కాళ్లనూ శిఖరంతో కలిపితే గుట్ట లోపల ఒక త్రిభుజం పడుతుంది, అది 1.57. జవాబు ఈ రెంటి మధ్యే ఉండాలి, ఉంది.

సైన్ 3ఎక్స్‌కీ ఇదే పద్ధతి. 0 నుంచి π లోపల ఒక్కొక్కటి 2/3 చొప్పున రెండు గుట్టలు, ఒక గుంట పడతాయి. నేరుగా ఇంటిగ్రేట్ చేస్తే 2/3 వస్తుంది, వైశాల్యం మాత్రం 2.

ప్రశ్న: 0 నుంచి π/2 వరకు సైన్ ఎక్స్, కాస్ ఎక్స్ రెండూ అక్షం మీదే ఉంటాయి కదా సార్. అయినా వాటి మధ్య వైశాల్యం నాకు సున్నానే వస్తోంది.
– విద్యార్థి, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: రెండు వక్రాల మధ్య వైశాల్యానికి అక్షంతో పనిలేదు. ఏ వక్రం మీద ఉంది, ఏది కింద ఉంది అన్నదొక్కటే చూడాలి. π/4 దాకా కాస్ మీద, అక్కణ్నుంచి సైన్ మీద. మీరు మొదట్నుంచి చివరిదాకా కాస్ − సైన్ అనే తీసుకుని ఉంటారు.

0 నుంచి π/4 వరకు కాస్ − సైన్ ఇంటిగ్రల్ సైన్ + కాస్. ఎగువన √2, దిగువన 1, తేడా √2 − 1. రెండో సగంలో సైన్ − కాస్ తీసుకుంటే అదీ అంతే. మొత్తం 2√2 − 2. ఖచ్చితమైన విలువ అడిగితే అక్కడే ఆపండి, 0.828 అన్నది సరిచూసుకోవడానికి మాత్రమే.

లిమిట్లు ఇవ్వకుండా వరుస ఖండన బిందువుల మధ్య వైశాల్యం అడిగితే π/4, 5π/4 తీసుకోవాలి. అక్కడ వక్రాలు అక్షం కిందికి దిగినా సైన్ మాత్రం అంతటా మీదే ఉంటుంది. కాబట్టి ముక్కలు చేయక్కర్లేదు, ఒకే ఇంటిగ్రల్‌తో 2√2 వచ్చేస్తుంది.

ప్రశ్న: సైన్²ఎక్స్ ఇంటిగ్రల్ సైన్³ఎక్స్/3 అని రాస్తే 0 నుంచి π వరకు సున్నా వచ్చింది. వర్గం ఎప్పుడూ మైనస్ కాదు కదా?
– డిప్లొమా ఎలక్ట్రికల్ విద్యార్థి, పటమట, విజయవాడ

జవాబు: అనుమానం సరైనదే. సైన్³ఎక్స్/3ని తిరిగి అవకలనం చేయండి, సైన్²ఎక్స్ · కాస్ ఎక్స్ వస్తుంది. మనకు కావాల్సింది అది కాదు. ముందు సైన్²ఎక్స్‌ని (1 − కాస్ 2ఎక్స్)/2 గా మార్చుకోండి. ఇంటిగ్రల్ ఎక్స్/2 − సైన్ 2ఎక్స్/4. జవాబు π/2.

ఆ 4 బదులు 2 వేసినా ఇక్కడ దొరకదు, ఎందుకంటే 0 దగ్గరా π దగ్గరా సైన్ 2ఎక్స్ సున్నాయే. లిమిట్లు 0, π/4 అయితే బయటపడుతుంది: సరైనది π/8 − 1/4, సుమారు 0.143, తప్పుది π/8 − 1/2, అంటే మైనస్.

మీ బ్రాంచికి ఈ ఇంటిగ్రల్ ప్రాణం. π/2ని π తో భాగిస్తే సగటు 1/2. ఇంటికొచ్చే కరెంటు గరిష్ఠంగా 325 వోల్టులకు చేరుతుంది. దాని వర్గంలో సగానికి వర్గమూలం తీస్తే వచ్చేదే మనం చెప్పుకునే 230.

ప్రశ్న: ట్యాన్ ఎక్స్ 0 నుంచి 3π/4 వరకు లాగ్ √2 వచ్చింది. సరేనా?
– విద్యార్థి, మొగల్రాజపురం, విజయవాడ

జవాబు: కాదు. మధ్యలో π/2 దగ్గర ట్యాన్ అనంతానికి పోతుంది, ఆ వైశాల్యానికి పరిమితమైన విలువే లేదు. ఫార్ములా మాత్రం ఆ గండిని పట్టించుకోకుండా దాటేసి ఒక అంకె ఇచ్చేస్తుంది. 0 నుంచి π/4 వరకైతే ఇబ్బంది లేదు, లాగ్ 2 లో సగం (ఆధారం ఇ), సుమారు 0.347.