సందేహాలు – సమాధానాలు: నెపం నెట్టడం, నింద మోపడం

సందేహం: ‘నిధుల ఆలస్యానికి నెపాన్ని కాంగ్రెస్‌పై నెట్టిన అధ్యక్షుడు’ అని అమెరికా వార్త ఒకదానికి శీర్షిక చూశాను. మన రాష్ట్రపు వార్తలో ‘శాసనసభ్యులు అధికారులపై నింద మోపారు’ అని ఉంది. ఈ రెండు మాటల అర్థం ఒకటేనా? అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీయేనా? – ఒక పాఠకుడు, అనంతపురం

సమాధానం: ఒకటి కాదు. క్రియలను గమనిస్తే తేడా తెలుస్తుంది. మోపడమంటే పెట్టడం, ఆనించడం. ‘నేల మీద కాలు మోపాడు’ అంటాం. నింద మోపేవాడికి ఆ తప్పుతో సంబంధం ఉండవచ్చు, లేకపోవచ్చు. ఆ నింద నిజమూ కావచ్చు, అబద్ధమైతే దాన్ని అపనింద అనో అభాండం అనో అంటాం. నెట్టడం అలాంటిది కాదు. ఒక బరువును పక్కకు నెట్టాలంటే అది ముందు మన దగ్గర ఉండాలి. నెపానికి సాకు అనే అర్థం ఉంది (‘పని నెపంతో ఊరికి వెళ్లాడు’), తప్పు అనే అర్థమూ ఉంది. ‘నెపం నెట్టాడు’ అన్నప్పుడు ఆ రెండూ కలిసి, తన తప్పును సాకుతో ఇంకొకరి మీదికి తోశాడనే భావం వస్తుంది. మన సీమలో ‘వాడు చేసి నా మీదికి తోసినాడు’ అనేది సరిగ్గా ఇదే. కాబట్టి ఆ మాట వాడిన విలేకరి తప్పు ఎవరిదో తానే తేల్చినట్టవుతుంది. అది నిర్ధారణ కానప్పుడు ‘ఆరోపించారు’, ‘కారణమన్నారు’ అని రాయడమే న్యాయం.

అమెరికాలో కాంగ్రెస్ అంటే పార్టీ కాదు. సెనేట్, ప్రతినిధుల సభ కలిసిన చట్టసభ. ఆ సభలు చట్టం ద్వారా కేటాయించనిదే ఖజానా నుంచి డబ్బు తీయడానికి వీల్లేదు. సభలు ఆమోదించిన బిల్లును అధ్యక్షుడు తిరస్కరించవచ్చు. 2018 డిసెంబరు 22 నుంచి 35 రోజులపాటు అక్కడి ప్రభుత్వ కార్యాలయాలు కొన్ని మూతపడ్డప్పుడు, సరిహద్దు గోడకు నిధుల విషయంలో ఇరుపక్షాలూ తప్పు ఎదుటివారిదేనన్నాయి. అలాంటి చోట ఒక్కరికే ‘నెట్టారు’ అని తగిలించకూడదు. పైగా తెలుగు శీర్షికలో ఉత్త ‘కాంగ్రెస్’ అని ఉంటే మన పాఠకులకు ముందుగా తోచేది ఇక్కడి పార్టీయే.

మన పద్ధతి వేరు. మంత్రులు సాధారణంగా చట్టసభల సభ్యులే. రాజ్యాంగం 164(2) ప్రకారం మంత్రిమండలి శాసనసభకు సమష్టిగా బాధ్యత వహించాలి. (‘సమిష్టి’ అని రాయడం విస్తారంగా కనిపిస్తోంది, సాధురూపం ‘సమష్టి’.) ఆ బాధ్యత అంటే ఏమిటో కర్నూలు చూసింది. ఆంధ్ర రాష్ట్రానికి అది రాజధానిగా ఉన్న కాలంలో, 1954 నవంబరులో, మద్యనిషేధంపై వచ్చిన వివాదంలో అవిశ్వాస తీర్మానం ఒక్క ఓటు తేడాతో నెగ్గి టంగుటూరి ప్రకాశం ప్రభుత్వం పడిపోయింది. సభలో మెజారిటీ ఉన్నంతకాలం మంత్రివర్గం సభ మీద నెపం వేయడం కష్టం గనుక, ఇక్కడ ఆ తోపులాట ఎక్కువగా ప్రజాప్రతినిధులకూ అధికారులకూ మధ్య నడుస్తుంది.

మా జిల్లాలో ఒక కార్యాలయం గోడకు అంటించిన కాగితం మీద ‘నిబంధనలు రానందున దరఖాస్తులు పెండింగ్‌లో ఉన్నవి’ అని చదివాను. పాసుపుస్తకాన్ని ప్లాస్టిక్ కవరులో చుట్టి పట్టుకున్న ఒక పెద్దాయన దాన్ని ఎవరిచేతనో చదివించుకొని, ‘రాలేదంటే ఎవురు పంపలేదు సార్?’ అని అడిగాడు. ఇంతకంటే మంచి వ్యాకరణ ప్రశ్న నేను తరగతి గదిలో వినలేదు. ‘పంపలేదు’ అంటే కర్త కావాలి. ‘రాలేదు’ అంటే వాక్యంలో మనిషి కనిపించనక్కర లేదు. ‘ఆపారు’కు బదులు ‘ఆగింది’, ‘ఆలస్యం చేశారు’కు బదులు ‘జాప్యం జరిగింది’ అని రాసినప్పుడల్లా, నెపం ఎవరి మీదికీ నెట్టకుండానే అసలు బాధ్యుడు పక్కకు తప్పుకుంటాడు.

‘ప్రభుత్వం చట్టం చేసింది’ అనే వాడుక కూడా ఇలాగే బాధ్యతను కలగాపులగం చేస్తుంది. ప్రభుత్వం బిల్లు పెడుతుంది, సభ ఆమోదిస్తుంది, గవర్నరు ఆమోదముద్రతో అది చట్టమవుతుంది. ఆ చట్టం కింద నిబంధనలు రూపొందించి ఉత్తర్వులివ్వడం సాధారణంగా మళ్లీ ప్రభుత్వం పని. పెద్దాయన అడిగిన నిబంధనలు ఆ చివరి మెట్టువి.

సామెతలు వాడేటప్పుడూ జాగ్రత్త పడాలి. తన చేతగానితనానికి మరొకదాన్ని తప్పుపడితే ‘ఆడలేక మద్దెల ఓడు’. తప్పులో అందరికీ వాటా ఉంటే ‘తిలాపాపం తలా పిడికెడు’. రెండు వర్గాలూ కలిసి జాప్యం చేసిన చోట మొదటిది వాడితే ఒకరికి అన్యాయం జరుగుతుంది.

మీరు చూసిన శీర్షికను ‘నిధుల ఆలస్యానికి చట్టసభే కారణమన్న అమెరికా అధ్యక్షుడు’ అని రాసి ఉంటే సరిపోయేది. రెండో వాక్యం యథాతథంగా ఉండవచ్చు, శాసనసభ్యులు మోపిన నింద ఏమిటో పక్కనే చెప్పి ఉంటే.