ట్యాంకు 35 లీటర్లు, బిల్లు 36.20 లీటర్లు: బంకు మీద కేసు వేయొచ్చా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నా కారు ట్యాంకు 35 లీటర్లని కంపెనీవాళ్లు ఇచ్చిన పుస్తకంలో ఉంది. పోయిన నెల హైవే పక్కన ఒక బంకులో ఫుల్ ట్యాంకు కొట్టించాను. అప్పటికి రిజర్వు లైటు వెలిగి కాసేపే అయింది. బిల్లేమో 36.20 లీటర్లకు వచ్చింది. ఇదేంటని అడిగితే ‘అన్ని కార్లకూ ఇంతే సార్’ అన్నారు. ఐదు లీటర్ల జార్‌తో కొలిచి చూపించమంటే మేనేజర్ లేడు, సాయంత్రం రమ్మన్నారు. అసలు ఈ మిషన్లు సరిగ్గా కొలుస్తాయా? వినియోగదారుల ఫోరంలో కేసు వేస్తే గెలుస్తానా? గొడవ జరిగినప్పుడు తీసిన వీడియో వాట్సాప్ గ్రూపుల్లో పెట్టొచ్చా?

జవాబు: మీ దగ్గరున్న ఆధారం ట్యాంకు లెక్క ఒక్కటే అయితే కేసు వేయకండి, ఓడిపోతారు. కానీ జార్‌తో కొలవడానికి ఒప్పుకోలేదన్నారు చూశారా, దాన్ని మాత్రం వదలొద్దు. మీ ఫిర్యాదుకు బలం అక్కడుంది.

ముందు ట్యాంకు సంగతి చూద్దాం. ఇలాంటి ఉత్తరాలు నాకు తరచూ వస్తుంటాయి, అన్నిట్లోనూ ఇదే లెక్క. పుస్తకంలో రాసే 35 లీటర్లు ట్యాంకు అంచుదాకా పట్టే కొలత కాదు. వేడికి పెట్రోలు వ్యాకోచించడానికి, ఆవిరి నిలవడానికి పైన కొంత చోటు ఖాళీగా వదిలి, ఆ లోపలి కొలతనే కంపెనీలు రాస్తాయి. మూత దగ్గర్నుంచి ట్యాంకు దాకా ఉండే గొట్టంలో పట్టేది దీనికి అదనం. గన్ ‘టక్’మని ఆగిపోయాక కూడా ‘రౌండ్ ఫిగర్ చేసేదా సార్’ అని బంకు కుర్రాడు అడుగుతాడు కదా, మనం సరేనంటాం. ఆ తర్వాత పోసేదంతా ఖాళీగా ఉండాల్సిన ఆ చోటులోకే పోతుంది. బండికి అది మంచిది కాదు, ఆవిరిని పట్టి ఉంచే క్యానిస్టర్ పాడవుతుంది. రాసిన కెపాసిటీ కంటే ట్యాంకులో ఎక్కువే పడుతుందని ఆయిల్ కంపెనీలు బంకుల్లో బోర్డులు కూడా పెడుతుంటాయి. కేసు వేస్తే అవతలి లాయరు మొట్టమొదట వినియోగదారుల కమిషన్ ముందు పెట్టేది ఆ బోర్డు ఫొటోనే.

‘లైటు వెలిగాక కూడా ట్యాంకులో నాలుగైదు లీటర్లు ఉంటాయి కదా, అంటే మొత్తం 40 దాటినట్టే కదా’ అని మీరు అడగొచ్చు. నిజమే. కానీ ఆ వాదన మీకే ఎదురు తిరుగుతుంది. మీ లెక్క ప్రకారం 35లో ముందే ఉన్న నాలుగు పోగా 31 లీటర్లే పోసి 36 లీటర్లకు డబ్బు తీసుకున్నారంటే, దాదాపు ఏడో వంతు కొట్టేశారన్నమాట. అంత తేడా ఉంటే రోజూ అదే బంకులో పోయించుకునే ఆటోవాళ్లు, లారీవాళ్లు వారం తిరక్కుండానే పట్టేస్తారు. మిషన్‌లో మోసం చేసేవాళ్లు ఎవరికీ అనుమానం రాకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తారు. 2020 సెప్టెంబరులో సైబరాబాద్ పోలీసులు ఒక ముఠాను పట్టుకున్నారు. తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ బంకుల్లోని మిషన్లకు చిప్పులు అమర్చి లీటరుకు 30 మిల్లీలీటర్లు తగ్గించారన్నది ఆ కేసు. అంటే 3 శాతం. అలాంటి మోసం ట్యాంకు లెక్కకు అందదు, మైలేజీలోనూ తెలియదు. ట్రాఫిక్, ఏసీ, టైర్లలో గాలి వల్ల వచ్చే తేడాయే అంతకంటే ఎక్కువ ఉంటుంది.

ఇక మిషన్ల కచ్చితత్వం. 2009 తూనికలు కొలతల చట్టం కింద ప్రతి పంపునూ ఏడాదికోసారి ఆ శాఖ పరీక్షించి, ముద్ర వేసి, మీటరుకు తీగతో సీలు బిగించాలి. ఆ ధ్రువపత్రం బంకులో కనబడేలా పెట్టాలి. పరీక్షలో అనుమతించే తేడా అర శాతం, అంటే ఐదు లీటర్లకు 25 మిల్లీలీటర్లు. మీ 36.20 లీటర్ల మీద అది 181 మిల్లీలీటర్లు. లీటరు వంద రూపాయలనుకుంటే 18 రూపాయలు. ఆ లోపు తేడాను చట్టం తప్పుగా చూడదు. అది దాటితే మాత్రం, డబ్బు తీసుకున్నదానికంటే తక్కువ సరుకు ఇచ్చినందుకు సెక్షన్ 30, కావాలనే మిషన్‌ను మార్చినట్టు తేలితే సెక్షన్ 26 వర్తిస్తాయి. ‘ఈ వ్యాపారంలో మామూలే సార్, ఇంత తరుగు ఉంటుంది’ అని ఎవరైనా దబాయిస్తే సెక్షన్ 12 గుర్తుపెట్టుకోండి. ఒప్పుకున్నదానికంటే తక్కువ ఇవ్వడాన్ని సమర్థించే ఏ ఆనవాయితీ అయినా చెల్లదని అందులో స్పష్టంగా ఉంది.

సీలు చెక్కుచెదరని మిషన్ సాధారణంగా సరిగ్గానే కొలుస్తుందని నా అభిప్రాయం. జనం డబ్బు ఎక్కువగా పోయేది మిషన్‌లో కాదు, చేతివాటంలో. ముందు బండికి పోసిన రీడింగ్‌ను జీరో చేయకుండానే మొదలుపెట్టడం, ఐదు వందలకు అడిగితే రెండు వందలకే ఆపి ‘పొరపాటైంది’ అంటూ మళ్లీ జీరో చేయకుండా మిగతా మూడు వందలకు పోసినట్టు చూపించడం, ఒకడు మనల్ని ఆయిలనీ అడిటివ్ అనీ మాటల్లో పెట్టడం, ఇంకొకడు గన్ పట్టుకోవడం. కారులో కూర్చునే పోయించుకునేవాళ్లు వీటికి తేలిగ్గా దొరికిపోతారు. దిగి, జీరో చూసి, అంకెలు తిరిగేటప్పుడు అక్కడే నిలబడితే చాలు. వందకు బదులు నూట పదికి పోయించుకుంటే మోసపోరనే చిట్కాకు మాత్రం ఆధారమేమీ లేదు. మీటరులో తేడా పెట్టి ఉంటే ఏ అంకెకు కొట్టించినా అది అలాగే ఉంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు పోయించుకుంటే ఎక్కువ వస్తుందన్నదీ అలాంటిదే. పెట్రోలు డిగ్రీకి సుమారు 0.1 శాతం వ్యాకోచించే మాట నిజమే గానీ, భూమిలో పాతిన ట్యాంకులో పొద్దుటికీ మధ్యాహ్నానికీ వేడి పెద్దగా మారదు.

ఇప్పుడు అసలు విషయం, ఐదు లీటర్ల జార్. ఆయిల్ కంపెనీలు డీలర్లకు పెట్టిన క్రమశిక్షణ నియమాల ప్రకారం తూనికలు కొలతల శాఖ ముద్ర ఉన్న ఈ కొలపాత్ర ప్రతి బంకులో ఉండాలి. డీలరు రోజూ దానితో కొలిచి చూసుకోవాలి, కొనేవాళ్లు అడిగితే కొలిచి చూపించాలి. ఆ పెట్రోలు మీరు కొననక్కర్లేదు, కొలిచాక తిరిగి వాళ్ల ట్యాంకులోనే పోస్తారు. మేనేజర్ ఉండాలి, సాయంత్రం రావాలి అనే షరతులేమీ లేవు. కొలిచేటప్పుడు కొన్ని గమనించండి. జార్ మీద ముద్ర గడువు ఇంకా ఉందా? చదునైన నేల మీద పెట్టారా? ముందు ఒకసారి లోపలంతా తడిసేలా నింపి వంపేశారా? పొడి జార్‌తో కొలిస్తే గోడలకు అంటుకున్నంత తక్కువ కనిపిస్తుంది, అప్పుడు మీరే బంకువాళ్లను అన్యాయంగా నిందించినవాళ్లవుతారు. మిషన్ మీద సరిగ్గా 5.00 దగ్గర ఆపి, జార్ మెడ దగ్గరున్న గీతలకు కంటిని సమంగా పెట్టి చూడండి. సున్నా గీతకు కింద 25 వరకు అనుమతి ఉంది. అంతకంటే దిగితే ఇంకోసారి పోయించండి. రెండోసారీ అలాగే వస్తే ఆ పంపుతో అమ్మకాలు ఆపాల్సిందే.

అయితే ఈ పరీక్షకూ ఒక పరిమితి ఉంది. 2017లో ఉత్తరప్రదేశ్‌లో బయటపడిన మోసంలో రిమోట్‌తో నడిచే చిప్పులు దొరికాయి. కొలిచేటప్పుడు ఆపేసి తర్వాత మళ్లీ ఆన్ చేసుకోవచ్చు. అందుకని జార్‌లో సరిగ్గా వచ్చినంత మాత్రాన అనుమానం పూర్తిగా తీరిపోదు. మిషన్ విప్పి సీళ్లు, లోపలి సర్క్యూట్ చూసే అధికారం ఇన్‌స్పెక్టర్‌కే ఉంది. మనం వాటి మీద చెయ్యి వేయకూడదు.

కాబట్టి మీరు వెళ్లాల్సింది ముందు ఫోరానికి కాదు, మీ జిల్లా తూనికలు కొలతల శాఖకు. తేదీ, సమయం, బిల్లు నంబరు, పంపు నంబరు, నాజిల్ (గన్) నంబరు రాసి, కొలిచి చూపించమంటే నిరాకరించారని స్పష్టంగా ఒక వాక్యం పెట్టండి. ముందస్తు సమాచారం ఇవ్వకుండా తనిఖీ చేయమని కోరండి. ట్యాంకు లెక్క రాయకండి, చదివే అధికారి అక్కడే మీ ఫిర్యాదును తేలిగ్గా తీసుకుంటాడు. ఇదే విషయం బంకులోని ఫిర్యాదుల పుస్తకంలోనూ రాయండి, ఆయిల్ కంపెనీకీ ఒక కాపీ పంపండి. తనిఖీ భయం కంటే డీలర్‌షిప్ పోతుందన్న టెన్షనే డీలర్లకు ఎక్కువ. మిషన్‌లో అనధికార పరికరం దొరికితే డీలర్‌షిప్ రద్దు దాకా వెళ్తుంది. 1915 జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసినా ఫిర్యాదు నమోదు చేసుకుంటారు. ఏం చర్య తీసుకున్నారో చెప్పకపోతే పది రూపాయల ఫీజుతో సమాచార హక్కు దరఖాస్తు పెట్టి, ఆ పంపు చివరి ముద్ర తేదీ, తనిఖీ నివేదిక కాపీ అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

ఆ నివేదికలో తేడా తేలిందనుకోండి, అప్పుడు జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లండి. అందరూ ఫోరం అనే అంటున్నారు గానీ 2019 చట్టం వచ్చాక దాని పేరు కమిషన్. మీరు ఉండే జిల్లాలోనే వేసుకోవచ్చు, హైవే మీద బంకు ఎక్కడున్నా సరే. కొన్న సరుకు విలువ ఐదు లక్షల లోపు కాబట్టి ఫీజు లేదు, వినియోగదారుల కేసుల కోసం ప్రభుత్వం పెట్టిన ఈ-జాగృతి పోర్టల్‌లో ఇంటి నుంచే దాఖలు చేయొచ్చు. గడువు రెండేళ్లు. డీలరుతో పాటు ఆయిల్ కంపెనీనీ ప్రతివాదిగా చేర్చండి. నష్టం చాలామందికి జరిగి వాళ్లెవరో గుర్తించడం కష్టమైనప్పుడు, ఆ మేరకు కూడా డబ్బు కట్టించే అధికారం కమిషన్‌కు ఉంది. బంకు కేసులకు సరిగ్గా పనికొచ్చే నిబంధన ఇది, కానీ దీన్ని అడిగేవాళ్లు తక్కువ. సొంతంగా క్యాబ్ నడుపుకొని బతికేవాళ్లు కూడా ఈ చట్టం కింద వినియోగదారులే, ‘మీది వ్యాపారం’ అని తోసిపుచ్చలేరు.

పోలీసు కేసు గురించి మీరు అడగలేదు గానీ చెబుతాను. తూనికలు కొలతల చట్టం ప్రత్యేక చట్టం కదా, ఇందులో పోలీసులకేం పని అని డీలర్లు చాలాకాలం వాదించారు. ఉత్తరప్రదేశ్ బంకుల వ్యవహారంలోనే 2019 సెప్టెంబరులో సుప్రీంకోర్టు దీన్ని తేల్చింది. కొలతల నేరాలకు ఆ చట్టమే వర్తిస్తుంది గానీ, మోసం, ఫోర్జరీ దాని పరిధిలోకి రావు కాబట్టి వాటికి శిక్షాస్మృతి కింద విడిగా కేసు నడపవచ్చని చెప్పింది. 2024 జులై 1 నుంచి జరిగిన మోసాలకు భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 318 వర్తిస్తుంది. చిప్పు దొరికితేనే ఈ దారి. జార్‌లో 40 మిల్లీలీటర్లు తగ్గిందని స్టేషన్‌కు వెళితే మిమ్మల్ని తూనికలు కొలతల శాఖకే పంపిస్తారు.

ఇక వీడియో. బంకులో ఫోన్ వాడొద్దని బోర్డు ఉంటుంది, దాని కిందే యూపీఐ స్కానర్ కూడా ఉంటుంది, అది వేరే సంగతి. పంపు పక్కనే నిలబడి వీడియో తీయడం మాత్రం మంచిది కాదు, కాస్త ఎడంగా జరిగి తీయండి. మీరు తీసిందాన్ని ఫిర్యాదుకు జత చేయండి, ఇన్‌స్పెక్టర్‌కు చూపించండి. ‘దొంగ బంకు, ఎవరూ వెళ్లకండి’ అని గ్రూపుల్లో మాత్రం పెట్టకండి. పరువు నష్టానికి భారతీయ న్యాయ సంహితలోని సెక్షన్ 356 కింద క్రిమినల్ కేసు పెట్టొచ్చు, సివిల్ దావా కూడా వేయొచ్చు. అప్పుడు మీరు చెప్పింది నిజమని నిరూపించాల్సిన భారం మీ మీదే పడుతుంది, మీ చేతిలో ఉన్నదేమో ట్యాంకు లెక్క. ‘జార్‌తో కొలవమంటే కొలవలేదు’ అనేంత వరకే రాస్తే ఇబ్బంది లేదు, అది జరిగిందే కాబట్టి. ఇప్పటికే వేరేలా పెట్టేసి ఉంటే తీసేయండి, నోటీసు ఏదైనా వస్తే జవాబివ్వకముందే ఒక లాయరుకు చూపించండి.