జామను కొరికింది పిచ్చుక కాదు

ప్రశ్న: రెండెకరాల్లో తైవాన్ జామ వేశాను. దోరకాయలను పిచ్చుకలు సగం కొరికి పడేస్తున్నాయి. తెల్లవారి వెళ్తే తోటనిండా అవే. నూకల్లో గుళికల మందు కలిపి చల్లమని మందుల దుకాణంలో చెప్పారు. ఎంత కలపాలి?
– ఒక రైతు, ఏలూరు జిల్లా

జవాబు: ఒక్క గుళిక కూడా కలపకండి. మీరు పంపిన ఫొటోలో కాయ మీద పంటి గాట్లున్నాయి. పిచ్చుకకు పళ్లు లేవు. షెడ్డు పక్కన వేపచెట్టు కింద పడి ఉన్న పిప్పి ముద్దలు చూశారా? అది గబ్బిలాల పని. చిన్న కాయనైతే నోట కరుచుకుని, పెద్దదైతే ముక్క కొరుక్కుని పక్క చెట్టుకు పోతాయి. తలకిందులుగా వేలాడుతూ రసం పీల్చుకుని పిప్పి ఉమ్మేస్తాయి. రాత్రి ఎనిమిదింటికి టార్చి వేసి చూడండి. పగలు కనబడిన పాపానికి నేరం పిచ్చుక మీద పడింది.

30 గ్రాముల పిట్ట అది. దాని ముక్కు గింజలు ఒలుచుకోవడానికి పుట్టింది. పిల్లలకు మాత్రం పురుగులు ఏరి పెడుతుంది, అంటే మీ తోటలో కూలి లేని పనిమనిషి. హైదరాబాద్ లాంటి నగరాల్లో ఇప్పటికే తగ్గిపోయింది. సంక్రాంతికి చూరుకు వరి కుచ్చులు కట్టి పిలిచిన పిట్టకు మనమే విషం పెడదామా? ఆ నూకలు తినేది పిచ్చుకే కాదు, గువ్వలు, గోరింకలు, మీ కోళ్లు కూడా. రాత్రి వచ్చే గబ్బిలం వాటిని ముట్టనే ముట్టదు. దుకాణదారుకు గుళికలు అమ్ముడుపోతే చాలు, ఏ జీవి కొరికిందో ఆయనకెందుకు?

గబ్బిలాలనూ చంపకండి. పండ్లు తినే గబ్బిలాలను చేర్చిన హానికర జీవుల జాబితా వన్యప్రాణి చట్టంలో ఒకప్పుడు ఉండేది, 2022 సవరణతో దాన్నే ఎత్తేశారు.

పిందె నిమ్మకాయంత కాగానే ఫోమ్ తొడుగు (నురుగు వల) తొడిగి, పైన కవరు కట్టండి. నీరు నిలవకుండా కవరు అడుగున రెండు చిల్లులు పెట్టండి. పిందె మీద మచ్చ ఉంటేనే, లీటరు నీటికి 1 గ్రాము కార్బెండజిమ్ అనే తెగులు మందు కలిపి ఒక్కసారి పిచికారీ చేసి, ఆరాక కట్టండి. మచ్చ లేకపోతే ఆ మందూ వద్దు. కాయ ముదురు ఆకుపచ్చ నుంచి లేత రంగుకు తిరగగానే కోసేయండి, రాత్రికి చెట్టున ఉంచవద్దు. చెట్ల మీద వల వేస్తే దాని కన్ను 5 మి.మీ. మించకూడదు, వేలు దూరితే ఆ వల పనికిరాదు. గుంజలు పాతి బిగించి కట్టండి, చెట్టు మీద వదులుగా విసిరితే పిట్టలూ గబ్బిలాలూ చిక్కుకుని చస్తాయి.

గాటు పడిన కాయను కోసి మిగతాది తినడం, పిల్లలకు పెట్టడం మానండి. గబ్బిలాల నుంచి వచ్చే నిఫా వైరస్ 2018లో కేరళలో ఎంత పని చేసిందో చూశాం. రాలిన కాయలను చేతికి తొడుగు వేసుకుని ఏరి, గుంత తీసి పూడ్చండి.