పైరెప్ప గడ్డ తిరగబెడుతోందా? ముందు బయాప్సీ చేయించండి

ప్రశ్న: మా అమ్మకు 63 ఏళ్లు. కుడి కంటి పైరెప్పలో గడ్డ లేస్తే రెండుసార్లు కోయించాం, మళ్లీ వచ్చింది. మధ్యలో మెడికల్ షాపులో ఇచ్చిన చుక్కలు వేశాం. అక్కడ రెప్ప వెంట్రుకలు రాలిపోయాయి. విశాఖలో చూపిస్తే గడ్డ తీసి రెప్పను సర్జరీతో మళ్లీ తయారు చేయాలని, కొన్ని వారాలు కన్ను మూసి ఉంచాల్సి రావొచ్చని అన్నారు. మాఘమాసంలో చెల్లి పెళ్లి. మచ్చ పడుతుందా? పెళ్లయ్యాక చేయిస్తే పర్వాలేదా?
– ఒక పాఠకుడు, నరసన్నపేట

జవాబు: మచ్చ సంగతి తర్వాత. కోసిన ముక్కను రెండుసార్లలో ఒక్కసారైనా ల్యాబ్‌కి పంపారా? మీరు రాసినదాంట్లో బయాప్సీ ఊసే లేదు.

ఈ వయసులో ఒకేచోట గడ్డ తిరగబెట్టి, వెంట్రుకలు కూడా రాలితే మేం దాన్ని మామూలు కంటికురుపు అనుకోం. రెప్పలోని నూనె గ్రంథుల్లో పుట్టే సెబేషియస్ కార్సినోమా అనే క్యాన్సర్ అచ్చం కురుపులాగే ఉంటుంది. పాశ్చాత్య దేశాల్లో అరుదు గానీ మన దగ్గర అరుదేమీ కాదు. చాలామందికి నొప్పి ఉండదు, అందుకే నెలలు గడిపేస్తారు. ఈలోగా అది చెవి ముందున్న, దవడ కిందున్న లింఫ్ గ్రంథులకు పాకొచ్చు. మీ అమ్మగారికి అదేనని చూడకుండా అనలేను. కాదని ధైర్యమూ చెప్పలేను.

ఆ చుక్కలు ఇంకా వేస్తుంటే సీసా విశాఖ డాక్టర్‌కి చూపించండి. స్టెరాయిడ్ ఉన్న చుక్కలైతే వాపు కాస్త తగ్గి, నయమవుతోందని భ్రమపడతాం. ఎక్కువ రోజులు వాడితే కంటిలో ఒత్తిడి పెరిగి చూపుకే ముప్పు. షాపతను మంచివాడే కావచ్చు, కానీ రెప్ప తిప్పి చూడలేదుగా! పసరు, కాపడం కూడా ఇక వద్దు.

ఇక రెప్ప సర్జరీ. ఇది అందం కోసం కాదండీ. రెప్ప సరిగా మూతపడకపోతే నల్లగుడ్డు ఎండి పుండు పడుతుంది. పోయిన భాగం పావు వంతు లోపైతే మామూలుగా నేరుగా కుట్టేస్తారు. పైరెప్పలో సగానికి మించి తీయాల్సొస్తే కిందిరెప్ప నుంచి కణజాలం తెచ్చి అతికిస్తారు. అది నిలదొక్కుకునేదాకా 6 నుంచి 8 వారాలు కన్ను మూసే ఉంటుంది, తర్వాత చిన్న ఆపరేషన్‌తో తెరుస్తారు. క్యాన్సర్ అని తేలితే అంచుల్లో జబ్బు మిగల్లేదని చూసుకున్నాకే రెప్ప కడతారు. మచ్చ కొంత ఉంటుంది, చాలావరకు ముడతల్లో కలిసిపోతుంది. వెంట్రుకలు మాత్రం అక్కడ మళ్లీ రాకపోవచ్చు.

పెళ్లి దాకా ఆగొద్దు. ఈ వారంలోనే పాత చీటీలు, వాడుతున్న మందులు పట్టుకుని ఆ డాక్టర్ దగ్గరికే వెళ్లండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే ముందే చెప్పండి, సొంతంగా ఆపేయకండి.